హంసను వేటాడవచ్చునా? - ఒక చట్టం కథ

చలికాలం వచ్చిందంటే మన పోచారం చెరువుకూ, నిజాంసాగరుకూ ఎక్కడెక్కడి నుంచో బాతులు వచ్చి వాలుతాయి. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో ఉద్యోగాలు చేసి రిటైరైన మిత్రులకు ఇది కొత్త సంగతి కాదు. రెవిన్యూ, నీటిపారుదల, అటవీ శాఖలలో పనిచేసినవారు క్యాంపులకు వెళ్లినప్పుడల్లా చూసినదే. ఒకప్పుడు తుపాకీ లైసెన్సు ఉన్న పెద్దమనుషులు చలికాలపు ఆదివారం వస్తే చెరువుగట్టు పట్టేవారు. బాతును కొట్టి తెచ్చుకోవటం ఎవరికీ నేరంగా తోచేది కాదు. ఈనాడు అదే పని చేస్తే జైలు. మధ్యలో ఏం జరిగింది? మన పురాణాలలో, పాటలలో, గుడి గోడలమీద కొలువున్న హంసను వేటాడవచ్చునా, కూడదా అన్నది ఎవరు, ఎప్పుడు నిర్ణయించారు? ఈ ప్రత్యేక సంచికలో ఆ చరిత్రను క్లుప్తంగా మనవి చేస్తాను.

ఇంతకీ హంస ఏది?

ముందుగా ఒక చిక్కు తీర్చుకోవాలి. ఇంగ్లీషువారు స్వాన్ అని పిలిచే తెల్లటి, పొడవు మెడ పక్షి మన తెలుగునేలకు వచ్చేది కాదు. భారతదేశంలోనే అది వాయవ్య ప్రాంతాలకు ఎప్పుడో దారితప్పి వచ్చిన అరుదైన చుట్టం. మరి మన కవులు వర్ణించిన హంస ఏది? భారతీయ సాహిత్యంలోనూ శిల్పంలోనూ కనిపించే హంసమీద డచ్చి పండితుడు వోగెల్ రాసిన పుస్తకమే ఒకటి 1962లో వెలువడింది. మన హంస స్వాన్ కాదనీ, పెద్దబాతు జాతికి చెందినదనీ ఆయన వాదం. ఓరుగల్లు కోటలోని కాకతీయుల కీర్తితోరణాల పైన కూర్చున్న హంసలను గమనించినా అవి పొట్టి మెడ, బరువైన ఒడలు గల పక్షులే అని తెలుస్తుంది.

ఈ పెద్దబాతులలో ఒకటి మన చెరువులకు చలికాలంలో వస్తుంది. ఒళ్లు బూడిద రంగు, తల తెలుపు, ఆ తెల్లని తలమీద వెనుకవైపు రెండు నల్లని అడ్డచారలు. చారతల బాతు అందాం. పోచారం అభయారణ్యానికి వచ్చే వలస పక్షులలో ఇది పేరు పొందినది. వేసవిలో టిబెట్టు, లడఖ్, మంగోలియా ప్రాంతాల ఎత్తైన సరస్సుల వద్ద గుడ్లు పెట్టి, చలి ముదిరేసరికి హిమాలయాలు దాటి దక్షిణానికి వస్తుంది. దాని వీపున చిన్న యంత్రం కట్టి పరిశీలించిన శాస్త్రజ్ఞులు, దారిలో అది ఏడు వేల మీటర్లకు పైన కూడా ఎగరగలదని లెక్కగట్టారు. హంసలు మానససరోవరం నుంచి వస్తాయని మన పెద్దలు చెప్పిన మాట ఒట్టి కల్పన కాదన్నమాట. దానితోపాటు వచ్చే నారింజరంగు బాతే మన కావ్యాలలోని జక్కవ, అనగా చక్రవాకం.

పాలను నీటినుంచి వేరుచేస్తుందన్న మాటకు శాస్త్రంలో ఆధారం లేదు. కాని ఆ గౌరవమే ఈ పక్షిని కొంతకాలం కాపాడింది.

పూర్వపు శాసనాలు

హంసను చంపరాదన్న నియమం మనకు తెల్లవారు నేర్పినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సూనాధ్యక్షుడనే అధికారి విధులు చెప్పే అధ్యాయం ఉంది. జంతువధ, మాంస విక్రయం అతని అజమాయిషీలోనివి. హింసనుంచి కాపాడవలసిన పక్షుల పేర్లు అక్కడ వరుసగా ఇచ్చారు. క్రౌంచం, హంస, చక్రవాకం, చకోరం, నెమలి, చిలుక, గోరువంక అందులో ఉన్నాయి.

అశోక చక్రవర్తి పట్టాభిషేకం జరిగిన 26 ఏళ్లకు, అంటే సుమారు క్రీ.పూ. 243 ప్రాంతంలో, వేయించిన అయిదవ స్తంభశాసనంలో చంపకూడని ప్రాణుల జాబితా ఉంది. చిలుక, గోరువంకల తరువాత చక్రవాకం, ఆ వెంటనే హంస పేరు కనిపిస్తాయి. ఆ స్తంభాలు ఉత్తరదేశంలోనివి. అయితే మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద ఉన్న అశోకుని మొదటి శిలాశాసనంలోనూ ఇదే ధోరణి ఉంది. రాజుగారి వంటశాలలో పూర్వం రోజూ లక్షలాది ప్రాణులు తెగేవనీ, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమేననీ, ఇకముందు అవి కూడా ఉండవనీ అందులో చెప్పాడు. చక్రవర్తి తన వంటింటి లెక్క ప్రజల ముందు పెట్టటం గొప్ప విషయం.

మనుస్మృతి తినకూడని పక్షులలో హంసను చేర్చింది. హంసను చంపినవాడు ప్రాయశ్చిత్తంగా ఒక ఆవును దానం చేయాలని మరొకచోట విధించింది. అంటే రాజశాసనం ఒకవైపు, ధర్మశాస్త్రం ఒకవైపు ఈ పక్షికి అండగా నిలిచాయి. రాజ్యాలు మారాయి, శాసనాల లిపి చదివేవారు లేకపోయారు. నిషేధం మరుగున పడి గౌరవం మాత్రం కథలలో మిగిలింది.

దేవదత్తుని తగాదా

ఆ కథలలో మనందరికీ చిన్నప్పటినుంచి తెలిసినది సిద్ధార్థుని హంస కథ. దేవదత్తుడు బాణంతో కొట్టాడు. హంస సిద్ధార్థుని ముందు పడింది. బాణం తీసి, గాయం కడిగి సిద్ధార్థుడు దానిని కాపాడాడు. కొట్టినవాడిని నేను, పక్షి నాదేనని దేవదత్తుడు తగాదాకు వచ్చాడు. సంగతి సభకు ఎక్కింది. ప్రాణం తీయబోయినవానికన్న ప్రాణం నిలిపినవానికే హక్కు ఎక్కువ అని తీర్పు వచ్చింది.

మనం దీనిని దయకు సంబంధించిన నీతికథగా పిల్లలకు చెబుతాము. కోర్టు కాగితాలతో వెంట్రుకలు నెరిసిన మిత్రులు ఇంకొక కోణం గమనించగలరు. ఇది ఆస్తి తగాదా! అడవి పక్షి ఎవరిది? కొట్టినవానిదా, పట్టినవానిదా, చెరువు ఎవరి హద్దులో ఉంటే వారిదా, రాజుదా? వేట చట్టాల చరిత్ర అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఇంగ్లండు, అమెరికాలలో

ఇంగ్లండులో ఈ ప్రశ్నకు జవాబు సూటిగా ఉంది: హంస రాజుది. 1482లో నాలుగవ ఎడ్వర్డు కాలంలో చేసిన చట్టం ప్రకారం ఏడాదికి అయిదు మార్కుల ఆదాయం వచ్చే సొంత భూమి ఉన్నవారే హంసలను ఉంచుకోవాలి. ఒక్కొక్క యజమాని తన హంసల ముక్కుమీద గాట్లు పెట్టి గుర్తు వేసేవాడు. గుర్తు లేనిది రాజుగారి ఖాతాలోకి. థేమ్స్ నదిమీద ఏటా జూలైలో హంసలను పట్టి లెక్కించే ఆచారం ఈనాటికీ సాగుతున్నది. రాజుతోపాటు ద్రాక్షసారాయి వర్తకుల సంఘానికి, రంగరేజుల సంఘానికి మాత్రమే అక్కడ హక్కు ఉంది. ఆ కాలంలో హంస విందుభోజనంలో పెట్టే ఖరీదైన మాంసం. దానిని కాపాడినది దయ కాదు, హోదా. 1981 చట్టం కింద అక్కడ అడవి పక్షులతోపాటు హంసకూ రక్షణ ఉంది.

అమెరికా కథ వేరు. ఈకల కోసం, మాంసం కోసం అక్కడి పెద్ద హంస జాతిని ఎంతగా కొట్టారంటే, 1930ల మొదట్లో ఆ దేశపు ప్రధాన భూభాగంలో తెలిసినంతవరకు డెబ్బై లోపే మిగిలాయి. 1918లో వలస పక్షుల చట్టం, 1935లో వాటికోసమే ఒక రక్షిత ప్రాంతం ఏర్పడినాక ఆ జాతి కోలుకున్నది. మరొక చిన్న హంస జాతి సంఖ్య బాగా ఉన్నందున యూటా మొదలైన కొన్ని రాష్ట్రాలలో 1962 నుంచి పర్మిట్లు ఇచ్చి పరిమితంగా వేటకు అనుమతిస్తున్నారు. ఒకే పక్షికి ఒక దేశంలో రాజముద్ర, ఒక దేశంలో వేట పర్మిటు!

మన దేశంలో ఆంగ్లేయుల చట్టాలు

బ్రిటిష్ ఇండియాలో అడవి పక్షులకోసం చేసిన తొలి చట్టం 1887 నాటిది. అది మునిసిపాలిటీలకు, కంటోన్మెంట్లకు మాత్రమే. పక్షులు గుడ్లు పెట్టే కాలంలో అప్పుడే చంపిన పక్షిని అమ్మటం, దగ్గర ఉంచుకోవటం నిషేధిస్తూ నిబంధనలు చేసుకోవచ్చునన్నారు. 1912లో విస్తృతమైన చట్టం వచ్చింది. బాతులు, కౌజులు, నెమళ్లు, కొంగలు వగైరాలతోపాటు మన పాలపిట్ట, లకుముకి పిట్ట కూడా దాని జాబితాలో ఉన్నాయి. ఆ రోజులలో యూరపు దొరసానుల టోపీలకు రంగురంగుల ఈకలు ఎగుమతి అయ్యేవి.

ఈ చట్టాల పద్ధతి ఏమిటంటే, ప్రభుత్వం ఏడాదిలో కొన్ని నెలలు మూసివేత కాలంగా ప్రకటిస్తుంది. ఆ నెలల్లో కొట్టకూడదు, తక్కిన నెలల్లో కొట్టవచ్చు. చూడటానికి సబబుగానే ఉంది. కాని వలస పక్షికి దీనివల్ల కలిగే లాభమెంత? మన చారతల బాతు గుడ్లు పెట్టేది టిబెట్టులో. అది మన చెరువులో ఉండేది చలికాలంలో, అంటే సరిగ్గా షికారు సీజనులో. అది ఇక్కడ లేని నెలల్లో దానికి రక్షణ, ఉన్న నెలల్లో తుపాకీ! 1938 నవంబరులో రాజస్థానంలోని భరత్‌పూర్ చెరువులో వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షులను కొట్టింది. ఆ అంకె అక్కడ రాతిపలకమీద గర్వంగా చెక్కించారు. అది చట్టవిరుద్ధం కాదు సరికదా, మర్యాద కింద లెక్క.

మరి సామాన్యులు చేసిన రక్షణ లేదా? ఉంది. మద్రాసు దగ్గరి వేదాంతంగల్ చెరువు రైతులు, సిపాయిలు పక్షులను కాలుస్తుంటే చెంగల్పట్టు కలెక్టరుకు మొరపెట్టుకొని 1798లోనే రక్షణ ఉత్తర్వు సంపాదించారు. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు తమ పొలాలకు ఎరువు అని వారి లెక్క. అప్పటి నెల్లూరు జిల్లా నేలపట్టులోనూ గ్రామస్థులు గూడబాతులను తమ ఊరి పక్షులుగా కాపాడుకున్నారు. 1976లో దానిని ప్రభుత్వం అభయారణ్యం చేసింది.

నిజాం రాజ్యంలో మన ప్రాంతం

పైన చెప్పిన ఆంగ్లేయుల చట్టాలు హైదరాబాదు సంస్థానానికి వర్తించవు. ఇక్కడ షికారు పాలకుల వినోదం, హోదా. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పులివేటలో పేరు మోసినవాడు. ఎల్లారెడ్డి, మెదక్ మధ్యనున్న పోచారం అడవి నిజాముల వేట స్థలం. షికారుకు వచ్చిన అధికారుల సామాను మోయటం, జంతువులను తోలటం ఊరివారికి వెట్టిగా పడేదని మన ప్రాంతపు పెద్దలు చెప్పుకునేవారు. వేట హక్కు దొరది, చాకిరీ ఊరిది.

అదే కాలంలో మన చెరువులు పెరిగాయి. మంజీరకు ఉపనది అయిన ఆలేరుకు కట్టవేసి 1916-1922 మధ్య పోచారం చెరువు నిర్మించారు. 1923లో మొదలై 1931లో నిజాంసాగర్ పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు నీటిపారుదల శాఖవారికి నేను చెప్పనక్కరలేదు. వరిపొలాల కోసం కట్టిన ఈ జలాశయాలే వలస పక్షులకు విడిదిళ్లయినాయి. చెరువు అంచున లోతు తక్కువ నీరు, నీరు తీసిన మేర పచ్చిక, పక్కన పంటచేలు - పెద్దబాతులకు ఇంతకన్న ఏం కావాలి?

1931-32లో పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ హైదరాబాదు సంస్థానమంతటా పక్షుల సర్వే జరిపారు. సంస్థానంలో ఏయే పక్షులున్నవో శాస్త్రీయంగా రాసిపెట్టిన ప్రయత్నం అది. వేట లెక్క తప్ప పక్షి లెక్క లేని రాజ్యంలో ఇది పెద్ద మార్పు.

సంస్థానం భారతదేశంలో కలిసిన తరువాత, 1952లో పోచారాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. అప్పటి మెదక్, నిజామాబాదు జిల్లాల సరిహద్దు. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడ్డాక ఎల్లారెడ్డి వైపు భాగం ఈ జిల్లాలోకి వచ్చింది. రాజు ఒక్కడికే వేట హక్కు ఉన్న అడవి, ఎవరికీ వేట హక్కు లేని అడవిగా మారింది. హద్దులు దాదాపు అవే, అర్థం తిరగబడింది.

1972 చట్టం, ఆ తరువాత

అభయారణ్యం బయట మాత్రం తుపాకీ ఆగలేదు. వన్యప్రాణులు రాజ్యాంగం ప్రకారం అప్పుడు రాష్ట్రాల జాబితాలోని విషయం. రాష్ట్రాలు తీర్మానం చేసి అడిగితేనే పార్లమెంటు చట్టం చేయగలదు. అలా తీర్మానం చేసిన పదకొండు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఫలితమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. 1976లో 42వ సవరణ ద్వారా ఈ విషయం ఉమ్మడి జాబితాకు మారింది. ప్రాణులపట్ల దయ చూపటం పౌరుల ప్రాథమిక విధులలో చేరింది.

1972 చట్టం వేటను పూర్తిగా ఆపలేదు. జంతువులను షెడ్యూళ్లుగా విభజించి, కొన్నిటిని పూర్తిగా నిషేధించి, కొన్నిటికి లైసెన్సులు ఇచ్చింది. 1991 సవరణతో ఆ లైసెన్సుల పద్ధతి పోయింది. అప్పటి మొదటి నాలుగు షెడ్యూళ్లలోని ఏ ప్రాణినీ వేటాడరాదన్నారు. ప్రాణరక్షణ, శాస్త్రపరిశోధన వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే. అప్పటి నాలుగవ షెడ్యూలులో బాతుల కుటుంబం మొత్తాన్ని ఒక్క మాటలో చేర్చారు. శాస్త్రం ప్రకారం హంసలు, పెద్దబాతులు, జక్కవలు అన్నీ ఆ కుటుంబంలోనివే. ఆ విధంగా అశోకుని జాబితాలో పేరుతో ఉన్న హంస, ఈనాటి జాబితాలోకి బాతుల ఇంటిపేరుతో ప్రవేశించింది! 2022 సవరణ షెడ్యూళ్లను నాలుగుకు తగ్గించి, జాతులను పేరుపేరునా చేర్చింది. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది.

శిక్షలు కూడా తెలుసుకోవటం మంచిది. సాధారణంగా మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అభయారణ్యంలో వేటాడితే, లేదా మొదటి షెడ్యూలు ప్రాణిని వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, ఇరవై అయిదు వేలకు తగ్గకుండా జరిమానా. ఇక వేట అంటే తుపాకీ ఒక్కటే కాదు. వల వేయటం, ఉచ్చు పెట్టటం, విషం కలిపిన గింజలు చల్లటం, గాయపరచటం, గూళ్లను, గుడ్లను పాడుచేయటం - అన్నీ ఆ మాట కిందికే వస్తాయి. దసరానాడు పంజరంలో పాలపిట్టను తెచ్చి చూపి డబ్బు తీసుకోవటం కూడా నేరమే. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. చెట్టుమీద చూస్తేనే శుభం.

దేవదత్తుని తగాదాకు ఈ చట్టం ఇచ్చే తీర్పు మరీ ఆసక్తికరం. చట్టాన్ని మీరి వేటాడిన ప్రాణి ప్రభుత్వ ఆస్తి. అది చేతికి చిక్కినవారు ఎవరైనా సరే 48 గంటలలో దగ్గరి పోలీసు స్టేషనుకు గాని అధీకృత అధికారికి గాని తెలియజేయాలి, అడిగితే అప్పగించాలి. అంటే ఈనాడు ఆ హంస దేవదత్తునిదీ కాదు, సిద్ధార్థునిదీ కాదు. సిద్ధార్థుడు కట్టు కట్టి, అటవీ శాఖవారికి కబురు చేయాలి!

చట్టం చాలునా?

చట్టం చేసినంత మాత్రాన పని ముగియలేదు. దీనివల్ల నష్టపోయినవారిని కూడా తలచుకోవాలి. తరతరాలుగా పిట్టలు పట్టి బతికిన కుటుంబాలున్నాయి. దొరగారి తుపాకీ సరదా, వారి వల ఆకలి. చట్టం రెండిటినీ ఒకే గాట కట్టింది. దొరలు సరదా మానుకున్నారు, వీరికి మాత్రం కూడు పోయింది. వీరికి మరొక జీవనోపాధి చూపటం ప్రభుత్వ బాధ్యత. చెరువుల, పక్షుల ఆనవాళ్లు వీరికి తెలిసినంతగా ఎవరికీ తెలియవు కనుక కాపలాకు, పక్షుల లెక్కకు వీరినే నియమించటం ఒక మార్గం.

రైతు బాధ కూడా ఉంది. చారతల బాతులు గుంపుగా దిగి లేత పైరు మేస్తాయి. ఏడాది కష్టం కళ్లముందు పోతుంటే రైతుకు హంస పవిత్రత గుర్తుకు రాదు. శబ్దం చేసి తోలుకోవటం, తీసిన చేలలో వాటిని మేయనివ్వటం వంటివి తప్ప, విషపు గింజలు పరిష్కారం కాదు. ఆ గింజలు తిన్న పక్షి చెరువులో పడితే ఆ నీరు తాగేది మన పశువులే.

ఇక తుపాకీ లేకుండా పక్షిని చంపే మార్గం మరొకటి ఉంది. చెరువును చంపటం. పూడిక, శిఖం భూముల ఆక్రమణ, మురుగునీరు. పక్షిని కొట్టినవానిని పట్టుకోవటానికి సెక్షను ఉంది. ఆ పక్షి దిగే చోటును మెల్లగా మింగేవానిని పట్టుకోవటానికి పాత రికార్డులు కావాలి, అవి చదవగలవారు కావాలి. శిఖం హద్దులు, ఎఫ్.టి.ఎల్. రాళ్లు, పాత నక్షాలు - వీటి సంగతి మన సంఘ సభ్యులకు తెలిసినంతగా మరెవరికి తెలుసు? సర్వీసులో ఉండగా ఉత్తర్వుల కోసం చూశాము. ఇప్పుడు పౌరులుగా ఒక అర్జీ రాసి ఇవ్వటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఏటా జనవరిలో ఆసియా దేశాలన్నిటా నీటిపక్షుల గణన జరుగుతుంది. ఇది 1987లో మొదలయింది. ఔత్సాహికులు ఎవరైనా పాల్గొనవచ్చు. సంక్రాంతికి మనుమలు, మనుమరాళ్లు ఇంటికి వచ్చినప్పుడు ఒక ఉదయం పోచారానికో నిజాంసాగరుకో తీసుకువెళ్లండి. దూరంగా నిలబడి, ఆ తెల్లతలమీద రెండు నల్లచారలను చూపండి. ఇది హిమాలయాలు దాటి వచ్చిందనీ, అశోకుడు దీనిని చంపవద్దన్నాడనీ, ఈనాటి చట్టం కూడా అదే అంటున్నదనీ చెప్పండి. రాజు ఆజ్ఞ రాతిమీద ఉండి మరుగున పడింది. పిల్లల మనసులో నాటిన మాట అంత త్వరగా చెరిగిపోదు.